దిగంబర కవులు: మాట స్వేచ్ఛ, దాని హద్దు

1965-68 మధ్య మూడు సంపుటాలు వెలువరించిన దిగంబర కవులు ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. సొంత పేర్లు వదిలి ఈ పేర్లు పెట్టుకున్నారు. తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. మర్యాద పేరుతో నోరు నొక్కే సమాజంలో, కవిత్వానికి నిషిద్ధమైన మాట లేదని వీరు చాటారు. ఆ తెగువ చిన్నది కాదు.

అయితే ఒక విషయం గమనించండి. వ్యవస్థను తిట్టడానికి వీరు తరచు స్త్రీ శరీరాన్నే తిట్టుగా వాడారు. ఆరుగురిలో ఒక్క స్త్రీ కూడా లేదు. కాబట్టి ఈ కవితలు చదివేటప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ మాట ఎవరిని ఎదిరించింది? ఎవరిని గాయపరచింది? అశ్లీలమని తోసిపుచ్చితే మొదటి ప్రశ్న, తిరుగుబాటని మెచ్చుకుని ఊరుకుంటే రెండో ప్రశ్న మరుగున పడతాయి.