ఐదు ముందా, ఇరవై ముందా?

సోలాపూర్ తూర్పు పేటల్లో, పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య పసిపిల్లలకు లెక్కలు నేర్పే టీచరమ్మలను ఎంత మెచ్చుకున్నా తక్కువే. తెలంగాణ నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లు అక్కడ ఎక్కువ. పిల్లవాడు ఇంట్లో ‘ఇరవై ఐదు’ అంటాడు, మరాఠీ బడిలో ‘పంచవీస్’ అనాలి. తెలుగులో పదులు ముందు, రాసే వరుసలోనే. మరాఠీలో ఐదు ముందొస్తుంది. వాడు 52 రాస్తే మొద్దని కాదు, విన్నది విన్నట్టు రాశాడంతే. ఆ సంగతి పట్టుకోవడమే అసలైన పనితనం. అలా పట్టుకున్నావిడ కసరదు. పుల్లలు పదేసి కట్టిస్తుంది. రెండు కట్టలు, ఐదు విడిపుల్లలు: ఏ భాషలో పిలిచినా అవే.

2019లో మహారాష్ట్ర రెండో తరగతి పుస్తకంలో, తెలుగులోలాగే పదులు ముందు చెప్పే ‘వీస్ పాచ్’ పద్ధతి కూడా చేర్చినప్పుడు పెద్ద దుమారమే రేగింది. గణితవేత్త మంగళా నార్లీకర్ దాన్ని సమర్థించారు. నాకూ ఆవిడ మాటే సబబనిపిస్తుంది.

అంకెల పేర్ల సంగతి అలా ఉంచితే, కూడికల కంటే ముందు నేర్పాల్సింది వరుస గుర్తుపట్టడం. దానికి ఇంట్లో చారల చాదర్ దుప్పటి చాలు. ఎరుపు, తెలుపు, ఎరుపు... తర్వాత ఏ చార? అడిగాక టీచరమ్మ జవాబు తానే అందించెయ్యకుండా, పిల్ల వేలుపెట్టి చూపేదాకా ఆగడం అన్నిటికన్నా కష్టం. ఆ ఓపికకు నా దండం.