అసలు కంటే వడ్డీ ముద్దు

మనవల్ని ఎత్తుకుని మన పెద్దవాళ్ళు అనే ఈ సామెత అమెరికాలో పాతకార్లకి ఇంత అతికినట్టు సరిపోతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

1964లో పాంటియాక్ కంపెనీ టెంపెస్ట్ లెమాన్స్ అనే సంసారపక్షపు కారుకి, సుమారు 296 డాలర్లు అదనంగా పుచ్చుకుని, పెద్ద ఇంజను బిగించి జి.టి.ఓ. అని పేరు పెట్టి అమ్మింది. అక్కణ్ణించీ 'మజిల్ కార్ల' వేలంవెర్రి మొదలైంది. ఏ ఇంజను, ఏ గేర్లు, ఏ రంగు అన్నది కొనేవాళ్ళ ఇష్టం. పట్టుచీరకి అంచూ, పైటా చెప్పి నేయించుకోమూ, అలాగే!

ప్లిమత్ కంపెనీవారి 'కుడా' కారుకి 1971లో హెమి ఇంజనూ, మడిచే టాపూ రెండూ కావాలన్నవాళ్ళు డజనుమంది కూడా లేరు. అలాంటి కారొకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. ఆనాడు ఎవరికీ అక్కర్లేనిదే ఈనాడు అందరికీ కావాలి! అసలు కారు కంటే అదనపు సరంజామాకే గిరాకీ.

డబ్బున్నచోట నకిలీ ఉండకపోతుందా? మామూలు కారుకి గొప్పకారు వేషం వేసే ప్రబుద్ధులు బయల్దేరారు. అందుకని కొనేవాళ్ళు జాతకాలు చూస్తారు. ఇంజను మీది నంబరు బండి నంబరుతో కలవాలి. సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు మీదో ఫ్యాక్టరీవాళ్ళు వదిలేసిన 'బిల్డ్ షీట్' దొరికితే పండగే. ఇంతవరకూ సబబే. మోసపోవాలని ఎవరికుంటుంది?

నా పేచీ ఆ తరవాతి తంతుతో. బండిని మేకు మేకూ విప్పి, కొత్తరంగు వేసి, ఫ్యాక్టరీ పనివాడు సుద్దతో గీసిన గుర్తులు కూడా మళ్ళీ గీయించి, "ఇదిగో అసలు!" అంటారు. మరి మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ ఏమైనట్టు?

'బుల్లిట్' (1968) సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ ముస్టాంగ్ కథ వినండి. 1974లో ఓ కుటుంబం దాన్ని 6,000 డాలర్లకి కొంది. ఇల్లాలు టీచరు. రోజూ ఆ కారులోనే బడికి వెళ్ళొచ్చేది! 1977లో మెక్వీనే స్వయంగా ఉత్తరం రాసి అడిగినా వాళ్ళు అమ్మలేదు. తండ్రి పోయాక కొడుకు దాన్ని నడిచేలా చేశాడు, అంతే. సొట్టలూ, తుప్పూ, కెమెరాల కోసం పొడిచిన బెజ్జాలూ అలాగే ఉంచాడు. 2020 జనవరిలో వేలంలో 34 లక్షల డాలర్లకి పాట ఆగింది.

సినిమా కారు కనక అంత ధర అంటారా? ఒప్పుకుంటాను. కానీ నున్నగా రంగు వేయించి ఉంటే ఆ సినిమా తాలూకు బెజ్జాలు మిగిలేవా? ఫ్యాక్టరీ కాగితం బండి పుట్టుకనే చెబుతుంది. దాని బతుకు చెప్పేవి సొట్టలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మమ్మ కాసులపేరు పాతబడిందని చెరిపించి కొత్త ఫ్యాషన్ నెక్లెసు చేయించుకున్నదాన్ని నేను. బంగారం గురివింద గింజెత్తు కూడా తగ్గలేదు. అయినా అది మెడలో వేసుకున్నప్పుడు ఒక్కసారీ అమ్మమ్మ గుర్తు రాలేదు. మీ బీరువాలో అలాంటిదేమైనా ఉంటే, కంసాలికిచ్చేముందు ఒక్కరోజు ఆగుదురూ!