దాతల పట్టిక – తప్పొప్పుల పట్టిక

రచయిత తానే అచ్చొత్తించుకొన్న గ్రంథములలో రెండు పట్టికలు తరచుగా కనిపించును. మొదటిది దాతల పట్టిక. అది గ్రంథాదియం దుండును. రెండవది తప్పొప్పుల పట్టిక. అది తుదను చేర్పబడి యుండును. గ్రంథ మెవరి ధనముచే వెలువడెనో మొదటి పట్టిక తెలుపును. ఆ ధనము దేనికి వెచ్చింపబడలేదో రెండవ పట్టిక తెలుపును. ఈ రెండింటికిని గల సంబంధమును విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

వసిష్ఠా గౌతమీ శాఖల నడుమ నున్న కోనసీమ 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లా యైనది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో శతకములు, క్షేత్రమాహాత్మ్యములు, గ్రామచరిత్రలు, కథాసంపుటములు వ్రాసి, ప్రకాశకుల నాశ్రయింపక, తెలిసినవారి చందాలతో అచ్చు వేయించుకొను రచయితలు గలరు. పూర్వము ఇట్టి రచయిత చందాపుస్తకము చేతబట్టి ఊరూర తిరుగవలసి వచ్చెడిది. నేడు హైదరాబాదునందును, గల్ఫు దేశములందును, అమెరికాయందును ఉన్న ఊరివారికి ఫోనులో విన్నపము పంపిన చాలును. ధనము నిమిషములలో చేరును. సాధనము మారినది గాని ధర్మము మారలేదు. పదిమంది సొమ్ముతో వెలువడిన గ్రంథమునకు రచయిత ఆ పదిమందికిని ఉత్తరవాది.

ఆ సొమ్ము పోవుమార్గమును చూతము. కాగితము, అచ్చుకూలి, ముఖచిత్రము, ఆవిష్కరణసభ, శాలువలు – వీనికన్నింటికిని లెక్కలో చోటు గలదు. వ్రాతప్రతిని ఆద్యంతము చదివి, దోషములు చూపి, దిద్దువానికి మాత్రము చోటుండుట అరుదు. ఆ పని ‘మనవారెవరైన చూచి పెట్టుదురు’ అను నమ్మకముమీద నిలిచియుండును. తుదకు దానిని చేయువాడు డీటీపీ చేయు యువకుడు. అతడు తనకు తోచినచోట అక్షరము మార్చును, తోచనిచోట విడుచును. యూనికోడులో నున్న ప్రతిని అచ్చుకొరకు ‘అను’ లిపిలోనికి మార్చునపుడు కొన్ని సంయుక్తాక్షరములు చెడుటయు కలదు. ఈ లోపమున కతనిని నిందింపరాదు. అతనికి కూలి యిచ్చినది అక్షరములు కూర్చుటకే గాని గ్రంథమును పరిష్కరించుటకు కాదు.

పరిష్కర్తకు లేని స్థానమును మన గ్రంథములలో ‘అభిప్రాయము’ ఆక్రమించినది. పండితుడొకడు, అధికారి యొకడు, ఆచార్యుడొకడు తలకొక రెండు పుటలు వ్రాసి యిత్తురు. అభిప్రాయము ఉచితముగా దొరకును. కనుకనే అది ప్రశంసగా పరిణమించును. ప్రతిఫలము గొననివాడు దోషము చూపుటకు మొగమాటపడును. చూపినను రచయిత నొచ్చుకొనును. వేతనము పుచ్చుకొన్నవానికి దోషము చూపుటయే విధి. కావున పరిష్కరణమునకు మూల్యము చెల్లించుట కేవలము శ్రమకు కూలి యిచ్చుట కాదు. నిజము చెప్పుట కధికార మిచ్చుట.

తప్పొప్పుల పట్టిక యీ లోటును పూరింపలేదు. అది అక్షరమునకు మాత్రమే ప్రాయశ్చిత్తము. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. అంతకు ముందే తమ గ్రామము ఆనకట్ట కాలువనీటితో రెండు పంటలు పండించెనని గ్రామచరిత్రకారుడు వ్రాసెననుకొందము. అందు ఒక్క అక్షరమైనను తప్పు కాకపోవచ్చును, వాక్యమంతయు తప్పు. అట్లే ఒకే వృత్తాంతము రెండు ప్రకరణములందు రెండు విధములుగా చెప్పబడుటయు, శతకమున ఒకే భావము పది పద్యములలో తిరుగుటయు ఏ పట్టికకును ఎక్కవు. వానిని పట్టుకొనువాడు అచ్చునకు ముందే కావలెను.

వేతనమిచ్చి పరిష్కరింపజేయుట మనకు క్రొత్త గాదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) కడపలో పండితులను కూర్చుకొని, తన సొంతధనముతో వారికి జీతము లిచ్చి, తాళపత్రప్రతులను సేకరింపించి, సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందులకై అతడు అప్పులకును వెనుదీయలేదు. 1829లో అతడు ప్రకటించిన వేమన పద్యముల వెనుక బహుప్రతుల పరిశీలనము కలదు. మనుచరిత్రకు వ్యాఖ్య కూర్చిన జూలూరి అప్పయ్య మొదలగువారి పేళ్లు నేటికిని మనకు తెలియుచున్నవి. బ్రౌను దొర సంపన్నోద్యోగి, మన చందారచయిత నిర్ధనుడు అని వాదింపవచ్చును. కాని ఇట గ్రహింపవలసినది ధనపరిమాణము కాదు, వ్యయక్రమము. అతడు ముందు పాఠశుద్ధికి వెచ్చించెను. పిదప అచ్చునకు పోయెను.

చందాదారుల బలముతో నడచిన ప్రయత్నమునకు విజ్ఞానచంద్రికా మండలి నిదర్శనము. 1906లో హైదరాబాదున స్థాపితమై, తరువాత మద్రాసునకు మారిన ఆ మండలి, చందాదారులను చేర్చుకొని గ్రంథమాల నడపినది. దానికి కొమఱ్ఱాజు లక్ష్మణరావు సంపాదకుడు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో ఆ మాలలోనే వెలువడినది. రచయిత యొకడు, సంపాదకుడు వేరొకడు. ఇద్దరి పేళ్లును పాఠకునకు తెలిసినవే. చందాదారుడు తన రూకకు ప్రతిగా పొందినది కాగితపు కట్ట కాదు. ఇద్దరు శ్రద్ధాళువులు చూచిన పుస్తకము.

సహాయకుని మరుగుపరచుటవలన కలుగు కీడు తెలియుటకు ఇంగ్లండునుండి ఒక నిదర్శనము చాలును. అలెగ్జాండర్ పోప్ కవి హోమరు ఇలియడ్‌ను చందాలమూలముగా 1715–20 నడుమ ప్రకటించి స్వతంత్రజీవి యయ్యెను. 1725–26లో ఒడిస్సీని అట్లే ప్రకటించునపుడు విలియం బ్రూమ్, ఎలైజా ఫెంటన్ అను నిరువురిని ప్రతిఫలమిచ్చి తోడు తెచ్చుకొనెను. ఇరువదినాలుగు సర్గలలో పండ్రెండు వారివే. కాని గ్రంథమున వారిపాలు ఐదు సర్గలే యని చెప్పబడెను. నిజము బయటపడి కవికి అపకీర్తి కలిగినది. సహాయము పొందుట దోషము కాదు. ధనమిచ్చినవారికి ఆ సంగతి దాచుట దోషము. అనువాదమున పాలుగొనుట పరిష్కరణముకంటె పెద్దపని యగుట నిజమే. అయినను దాచరాదను నీతి రెంటికిని సమానము.

ఇంతవరకు పరిష్కర్త పక్షమున చెప్పితిమి. అతనివలన కలుగు భయమును చెప్పకున్న విమర్శ ఏకపక్షమగును. ఏ సంస్థకును జీతగాడు గాక, పనికింతయని పుచ్చుకొని దిద్దు పరిష్కర్త తరచుగా దూరనగరవాసి. కోనసీమ భాష యతనికి తెలియకపోవచ్చును. మనుష్యులను బండ్లను ఏరు దాటించు ‘పంటు’ను అతడు ‘పంట’కు అచ్చుతప్పని తలచి దిద్దవచ్చును. కొబ్బరిచెట్లనుండి కాయలు కోయించు ‘దింపు’ను, పీచు తీయు ‘ఒలుపు’ను అసంపూర్ణక్రియలని భ్రమింపవచ్చును. ఏటి నడిమి ‘లంక’కు రావణుని గుర్తు తెచ్చుకొనవచ్చును. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరు ఉత్సవమును ఇచ్చటివారు ‘తీర్థము’ అందురు. అతడు దానిని ‘జాతర’ యని మార్చిన, శబ్దముతోపాటు ఊరును మారిపోవును. ఊరివారి ధనముతో అచ్చైన పుస్తకమునుండి ఊరి మాట తొలగుటకంటె హాస్యాస్పదమైన దేమున్నది?

కావున పరిష్కర్త వద్దనుట పరిహారము కాదు. పరిష్కర్తకును రచయితకును నడుమ ఎల్ల లేర్పరచుటయే పరిహారము. మొదట పని యేదో నిర్ణయింపవలెను. ప్రకరణముల పొందిక, పునరుక్తి, సంగతుల యథార్థత చూచుట యొకటి. వాక్యమును శబ్దమును దిద్దుట రెండవది. అచ్చుచిత్తులు చూచుట మూడవది. ఇవి ఈ క్రమముననే జరుగవలెను. పుటలు కూర్చిన పిమ్మట ప్రకరణమును మార్చుమనుట, ఇల్లు కప్పిన పిమ్మట పునాది చూడుమనుటవంటిది. మూడింటికిని ధన మొదవనిచో మొదటిదానిని వదలరాదు. అచ్చుచిత్తులను ఇద్దరు మిత్రులు చూడగలరు గాని గ్రంథనిర్మాణమును మిత్రులు విమర్శింపజాలరు.

రెండవది పరీక్ష. కొన్ని పుటలు మాత్రమే ముందిచ్చి, వానికి తగిన ప్రతిఫలమిచ్చి, దిద్దిన తీరు చూడవలెను. దోషమును చూపి కారణము చెప్పువాడు పరిష్కర్త. తన శైలిని రచయితపై కప్పువాడు రెండవ రచయిత. మూడవది పదపట్టిక. పంటు, దింపు, ఒలుపు, లంక, తీర్థము మొదలగు స్థానికపదములను రచయిత ముందుగానే అర్థములతో వ్రాసి యియ్యవలెను. నాలుగవది ఒడంబడిక. పుటకెంత, ఎన్ని మారులు చూడవలెను, గడువెప్పుడు, భేదాభిప్రాయమున తుదిమాట యెవరిది అను విషయములు వ్రాతలో నుండవలెను. తన కృతిని వికృతపరచి తన గౌరవమునకు భంగము గలిగింపరాదను రచయిత హక్కును 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము 57వ సెక్షనులో గుర్తించినది; అయినను న్యాయస్థానముదాక పోవలసిన యవసరము లేకుండ చేయునది ఒడంబడికయే.

‘చందా చాలదు, పరిష్కర్తకు ఎట్లిత్తుము?’ అను ప్రశ్న మిగిలియున్నది. విన్నపములోనే ఆ వ్యయమును పేర్కొనుట దీనికి సమాధానము. ‘కాగితమున కింత, అచ్చున కింత, పరిష్కరణమున కింత’ అని వ్రాసిన రచయితను దాత తక్కువగా చూడడు. తన సొమ్ముపట్ల శ్రద్ధగలవాడని నమ్మును. అప్పటికిని చాలనిచో ప్రతులు తగ్గింపవచ్చును, శాలువలు మానవచ్చును, సభను ఊరి గ్రంథాలయముననే జరుపవచ్చును. శాలువ ఒకనాటిది, వాక్యదోషము పుస్తకమున్నంతకాలము ఉండును.

తుదకు దాతల పట్టికకు ప్రక్కనే పరిష్కర్త పేరు అచ్చగుట ఆచారము కావలెను. అయితే దానికొక నియమము వలయును: అచ్చునకు పోవు తుదిప్రతిని అతడు చూచిన పిమ్మటనే ఆ పేరు చేరవలెను. అప్పుడది మర్యాద కాక పూచీ యగును. తప్పొప్పుల పట్టిక పూర్తిగా మాయము కాకపోవచ్చును. మనుష్యకృత్యమున కొంత తప్పు తప్పదు. కాని ఆ పట్టిక చదువు దాతకు తన ధనము తప్పులకు గాక, తప్పులు వెదకుటకును వెచ్చింపబడెనను తృప్తియైన మిగులును.