కుల్లాయియుఁ గొల్లాయియు

శ్రీనాథుని పేర వాడుకలో నున్న చాటువులలోఁ గన్నడరాజ్యలక్ష్మిని సంబోధించి చెప్పిన శార్దూలమును, బసవరాజు అప్పారావు (1894–1933) గాంధీమహాత్మునిపై వ్రాసిన కొల్లాయిపాటను ఎఱుఁగని తెలుఁగు చదువరులు తక్కువ. ఈ రెండింటిని జంటగాఁ జదివినవారును తక్కువయే. నడుమ నైదువందల యేండ్ల యెడ ముండుట, ఛందస్సున నే పోలికయు లేకుండుట యిందులకుఁ గారణములు కావచ్చును. కాని రెండింటి వస్తువు నొక్కటియే: తనది కాని కట్టు కట్టుకొన్నవాఁడు. మొదటిదానఁ గట్టుకొన్నవాఁడే మాటలాడును. రెండవదానఁ జూచినవారు మాటలాడుదురు. పరదేశి తమ వేషమున వచ్చినపుడు దేశీయులు వాని నెట్లు చూతురను ప్రశ్నకు మన వాఙ్మయమున దొరకు సమాధానమును ఈ రెండింటి నడుమనే వెదకవలసి యున్నది.

శ్రీనాథుఁడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారి. ఆ ప్రాభవ మంతరించిన పిదప విజయనగరమున రెండవ దేవరాయల (1424–1446) ఆస్థానమునకుఁ బోయి, గౌడడిండిమభట్టును గెలిచి కనకాభిషేక మందెనని ప్రతీతి. ఆ సత్కారమునకు ముందు, రాజదర్శనము దొరకక వేచియున్న దినములలోఁ జెప్పిన పద్యముగా దీనిని వ్యాఖ్యానించుట కలదు. చాటువు గనుక కర్తృత్వమునకు సంప్రదాయమే ప్రమాణము. తలపైఁ గుల్లాయి పెట్టుట, కోక చుట్టుట, పెద్ద కూర్పాసము తొడుగుట ముందు చెప్పి, వెల్లుల్లి, నువ్వుపిండి, అంబలి మున్నగు భోజనకష్టములను కవి తరువాత నేకరువు పెట్టినాఁడు. వేషము ముందు, తిండి వెనుక. (కోక యను మాట నాఁడు పురుషుల వస్త్రమునకును జెల్లినది, నేఁటి యర్థము పెట్టుకొని నవ్వరాదు.) ఈ క్రమము యాదృచ్ఛికముగాఁ దోఁపదు. తిన్నదేదో తిన్నవానికే తెలియును. తొడిగినది వాకిట నున్న పదిమందికిఁ గనఁబడును.

ఈ పద్యమును కన్నడదేశపు టాచారములపైఁ దెలుఁగుకవి విసరిన వెక్కిరింతగాఁ జదువుట పరిపాటి. ఆ చదువు పైపైది. ఆ వేషము కన్నడపల్లెలోని సేద్యగాని వేషము కాదు. కుల్లాయి యను మాటయే పారసీకమునుండి వచ్చినది. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ దేవరాయలు పట్టుటంగీ తొడిగి కొలువుదీఱి యుండెనని వ్రాసినాఁడు. ఫిలిప్ వాగనర్ 1996లోఁ బ్రకటించిన వ్యాసమున నీ విషయమును విపులముగాఁ జర్చించి, పొడవాటి కబాయియు నిలువు కుల్లాయియు సుల్తానుల నాగరకతనుండి విజయనగరపుఁ బురుషులు కొలువుకొఱకై గ్రహించిన వేషమనియు, స్త్రీల కట్టులో నట్టి మార్పు రాలేదనియుఁ జూపినాఁడు. కావున శ్రీనాథుఁడు తొడిగినది కన్నడనేల వేషము కాదు, కన్నడకొలువు వేషము. ఆ వాకిట నిలిచిన దేశీయుఁడును దానిని ఒకనాఁడు ఎరువు తెచ్చుకొన్నవాఁడే.

అయినను ఎరువుసొమ్మును ముందు తొడిగినవానికి అది పుట్టుసొమ్మువలెఁ దోఁచును, వెనుక వచ్చినవానికి బరువగును. పద్యమున నెవరును నవ్వినట్లు లేదు. నవ్వుదురేమో యను శంక మాత్రము ప్రతి క్రియాపదమునను వినఁబడును. ఇది చేసితిని, అది చేసితిని అని వరుసగాఁ జెప్పుకొనిపోవుట లెక్క యొప్పగించువాని ధోరణి. కట్టకడపటఁ గవి తన పేరు తానే చెప్పుకొనును. దీనిని ఆత్మగౌరవప్రకటనగా విమర్శకులు మెచ్చుకొనుట కలదు. అది నిజమే కాని సగము నిజము. కొండవీటిలో శ్రీనాథుఁడు తన పేరు చెప్పుకొనవలసిన పని లేదు. పరవేషము వానిని దేశీయులలోఁ గలుపలేదు సరికదా, వాని గుర్తును గూడ మ్రింగినది. ఆ వేషమును దొలగించుకొనుటకు వానికి దొరకిన సాధనము పేరొక్కటియే.

కాలము మఱియొక వింత చేసినది. తిరుమల యాలయమున దేవేరులతోఁ గూడి చేతులు మోడ్చి నిలిచిన కృష్ణదేవరాయల లోహప్రతిమ శిరమునఁ బొడవైన కుల్లాయి యున్నది. లేపాక్షి వీరభద్రాలయపుఁ జిత్రములలోఁ దెల్లని కబాయిలు, నిలువు కుల్లాయిలు ధరించిన పురుషులు వరుసలు తీఱి యున్నారు. శ్రీనాథునకుఁ బరాయిదైన టోపి నూఱేండ్లలోఁ దెలుఁగురాజు గుర్తు అయినది. నేఁడు నాటకరంగమునఁ గృష్ణరాయని వేషము కట్టువాని కది లేనిచో ప్రేక్షకు లొప్పుకొనరు. దేశీయవేష మను మాట పలుకువారు ఈ ప్రతిమ నొకసారి చూచి పలుకుట మంచిది.

వేషము మార్చిన పరదేశులలో మధురకు 1606లో వచ్చిన రాబర్టు డి నోబిలి వేఱొక తెఱఁగువాఁడు. తెలుఁగునాయకు లేలుచుండిన యా పట్టణమున నీ యిటలీదేశపుఁ గ్రైస్తవగురువు కాషాయము ధరించి సన్న్యాసివలె వసించినాఁడు. పురజనుల సందేహము వాని గుడ్డలను గూర్చి కాదు, వాఁడు పరంగియా కాఁడా యనుటను గూర్చి. వేషముపైఁ దీవ్రమైన వివాదము వాని సొంతమతమువారిలోనే పుట్టి, రోమునగరముదాఁకఁ బోయి, 1623లో పోపు తీర్పుతోఁ గాని యణఁగలేదు. కట్టు ఎవరిదో వారికంటెఁ గట్టుకొన్నవాని వారే యెక్కువ కలవరపడుట ఇందలి విశేషము.

ఆ మధురలోనే 1921 సెప్టెంబరు 22వ తేదీని గాంధీ తలటోపియు నంగీయు విడిచి కొల్లాయి గట్టినాఁడు. ఖద్దరు కొనుటకు సొమ్ము లేదని చెప్పిన బీదల మాట దీనికిఁ గారణము. మొదట అక్టోబరు నెలాఖరువఱకే యను నియమము, సంతాపచిహ్నముగా గ్రహించినది. పిదప జీవితాంతము నిలిచినది. 1931లో లండనున నైదవ జార్జి చక్రవర్తి విందునకును ఆ కట్టుతోనే పోయినాఁడు. గుర్జరదేశమునఁ బుట్టి ఇంగ్లండున న్యాయవాదవిద్య నేర్చినవానికి ఈ గుడ్డ ఏ తీరునను సొంతము కాదు.

కొల్లాయి యనఁగా మోకాలికిఁ బైగా నడుమునఁ జుట్టు కుఱుచగుడ్డ. దాని మర్మము చెరుకుపల్లి ప్రాంతమువంటి మాగాణినేలలోఁ దెలియును. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియైన తరువాత కృష్ణకాలువల నీటితో వరి పండిన యా పొలములలో నాట్లవేళ మోకాలిలోఁతు బురదలో దిగువానికి పంచె అడ్డము. కొల్లాయి పనికట్టు, లేమికట్టు. గుడికిఁ గాని, వియ్యాలవారింటికిఁ గాని, సభకుఁ గాని యెవఁడును దానితోఁ బోఁడు. పంచె దించి, కండువా వైచుకొని పోవుట మర్యాద. సామాన్యముగాఁ బరదేశి దేశీయుల పండుగవేషమును ధరించును, వారు మెచ్చుకొందురు. గాంధీ ధరించినది వారు పండుగనాఁడు దాఁచుకొను వేషము. ఇట్టి వేషధారణ మునుపు మన కావ్యములకుఁ దెలియదు. బిచ్చగాని రూపున వచ్చిన దేవతలున్నారు గాని వారు కార్యము కాఁగానే నిజరూపము చూపుదురు.

బసవరాజువారి పాట కిది తెలిసినది. ఆ పాట కొల్లాయిని బొగడదు. కొల్లాయి గట్టిన నేమాయె నని యెత్తుకొని, వెంటనే కోమటిపుట్టుకను గూడ నా తూఁకముననే వేయును. అనఁగా గుడ్డయుఁ బుట్టుకయు రెండును లోకము లోపములుగా నెంచునవి. వానిని దాఁటి యితఁడు పెద్ద యని భావము. కట్టును మెచ్చుటకును, కట్టు చూచి క్షమించుటకును నెంతయో భేద మున్నది. భావకవుల పాటలలో నింత నేర్పుగల యెత్తుగడ అరుదు. అంతకంటె విలువైనది గాంధీ పేరునకు ముందు నిలిచిన 'మా' యను చిన్నమాట. శ్రీనాథుని పద్యమున నిట్టి మాట యనువారు లేక కవి తన పేరు తానే చెప్పుకొనవలసి వచ్చినది. ఇక్కడ వేషధారి నోరు మెదపకయే దేశీయు లాతనిఁ దమవానినిఁగాఁ జెప్పుకొన్నారు. మహీధర రామమోహనరావు తన నవలకు ఆ యెత్తుగడనే పేరు పెట్టుటలో నాశ్చర్యము లేదు.

కాని యా 'మా' యెవరిది? అప్పారావు న్యాయశాస్త్రము చదివిన పట్టభద్రుఁడు. కొల్లాయి యాతని దైనందినవస్త్రము కాదు. ఏమాయె నను ప్రశ్న పంచెకట్టువాని నోటఁ బుట్టిన ప్రశ్న. కొల్లాయి గట్టుట కొఱఁత యని ముందు తలఁచినవానికే దానిని తోసివేయవలసిన యవసరము కలుగును. చెరుకుపల్లికిఁ జేరువనున్న కావూరిలో 1901లో రైతుకుటుంబమునఁ బుట్టి, 1969లో మహాత్మకథకు సాహిత్య అకాడమీ బహుమానము నందిన తుమ్మల సీతారామమూర్తి (1901–1990) వంటి కవికి ఆ గుడ్డ చిన్ననాఁటినుండి కన్నులముందు మెలఁగినది. పాటలోని తోసివేఁత యట్టివాని చెవికి వేఱుగా వినఁబడకపోదు. నాట్లు ముగించి, కాళ్లు కడుగుకొని, పంచె దించుకొని సభకు వచ్చిన కూలివాఁడు వేదికపైఁ దన పొలముగుడ్డను జూచి గర్వించెనో, సిగ్గుపడెనో, తనకు లేనిది వానికేల లేకపోయెనని నివ్వెఱపడెనో, పాట ఆ వంకకుఁ బోలేదు.