రెండు పాదాల నాడి

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగంలో అమెరికా డాక్టర్ల ఇంగ్లీషు. కోవిల్‌పట్టి నుంచి చెన్నై చేరి, డాక్టర్ల చార్ట్ చదివి బిల్లుకు కోడ్లు వేసే మెడికల్ కోడింగ్‌లో పడ్డ నాబోటి వాళ్ల బతుకిది.

మా ఊళ్లో డాక్టరుగారు కనురెప్ప లాగి చూస్తారు, నాలుక చాపమంటారు, పొట్ట నొక్కుతారు. చీటీ మీద మాత్రం మాత్రల పేర్లే ఉంటాయి. అమెరికా బిల్లు దగ్గర అది చెల్లదు. చార్ట్‌లో రాయనిది చేయనట్టే.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 1997లో పెట్టిన నిబంధనల ప్రకారం శరీర పరీక్షను బుల్లెట్ల చొప్పున, అంటే జాబితాలోని ఒక్కో అంశానికి ఒక్కో బుల్లెట్‌గా, లెక్కపెట్టేవాళ్లం. ఐదు దాకా చిన్న పరీక్ష, ఆరైతే ఒక మెట్టు పైకి, పన్నెండైతే ఇంకో మెట్టు. సమగ్రం అనిపించుకోవాలంటే తొమ్మిది అవయవ వ్యవస్థల్లో లేదా శరీర భాగాల్లో రెండేసి ఉండాల్సి వచ్చేది. బీపీ, నాడి, జ్వరం, బరువు వగైరా ఏడింటిలో మూడు రాస్తే కలిపి ఒక్క బుల్లెట్! నాకు నచ్చిన షరతు ఒకటుండేది. బాధ లేని చోట ‘నార్మల్’ అంటే సరిపోయేది. ‘అబ్‌నార్మల్’ అని వదిలేస్తే మాత్రం కుదిరేది కాదు, ఏం తేడా కనిపించిందో చెప్పాల్సి వచ్చేది.

లెక్కకు డబ్బు ముడిపెడితే లెక్క నింపే ఉపాయాలూ పుట్టుకొస్తాయి. ఒక్క క్లిక్కుతో తల నుంచి పాదం దాకా నార్మల్ అని నింపే టెంప్లేట్లు వచ్చాయి. ఒక చార్ట్‌లో, మోకాలి కింద ఎడమ కాలు తీసేశారని పైన ఉంది. కింద పరీక్షలో రెండు పాదాల్లోనూ నాడి బాగా అందుతోందట. పక్క సీటు అమ్మాయి చూసి, “అక్కా, దీనికి బుల్లెట్ ఇవ్వాలా?” అంది.

2021 జనవరి 1 నుంచి క్లినిక్ విజిట్లకు ఆ లెక్క పోయింది. 2023లో ఆసుపత్రి, ఎమర్జెన్సీ విజిట్లకూ పోయింది. ఇప్పుడు బిల్లులో విజిట్ స్థాయి తేల్చేది డాక్టరు నిర్ణయం ఎంత చిక్కైనదన్నది. ఎమర్జెన్సీలో తప్ప, వెచ్చించిన సమయాన్ని బట్టీ తేల్చొచ్చు. పరీక్ష అవసరమైనంత చేసి రాస్తే చాలు. మంచి మార్పే.

“అయితే ఇక చార్ట్‌లో ఎగ్జామ్ భాగం చదవక్కర్లేదుగా” అంటారు కొత్తగా చేరే పిల్లలు. నేనొప్పుకోను. మోకాలి నొప్పి కుడివైపైతే కోడ్ ఎం25.561, ఎడమైతే ఎం25.562. చార్ట్ పైభాగంలో ‘మోకాలి నొప్పి’ అని మాత్రమే ఉంటే, ఏ మోకాలో చాలాసార్లు తెలిసేది పరీక్ష దగ్గరే. అక్కడా ‘కీళ్లన్నీ నార్మల్’ అనే టెంప్లేటు వాక్యమే కనిపిస్తే, ఏ వైపో తెలియదనే ఎం25.569 వేయడానికి నాకు చెయ్యి రాదు. డాక్టరుకు క్వెరీ పంపమంటాను.