ఆటోనగర్ పైపుల్లో పనితనం

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా గోడ వెంట ఇనుప పైపులు కనిపిస్తాయి. లేతుకు, ప్రెస్సుకు, వెల్డింగ్ మిషనుకు కరెంటు వాటిలోంచే వెళ్తుంది. పని పూర్తయి బిల్లు ఇచ్చే వేళ యజమానికీ వైర్‌మ్యాన్‌కీ తగవు మొదలవుతుంది. "వంకరగా ఉంది, విప్పి మళ్లీ చెయ్యి" అని యజమాని. "ఏ రూలు తప్పానో చూపించండి సార్" అని వైర్‌మ్యాన్. యజమాని అడిగేది పనితనం, వైర్‌మ్యాన్ చెప్పేది నిబంధన. ఈ రెంటినీ వేరుగా చూడడం తెలిస్తే తగవు సగం తీరుతుంది.

2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ఇచ్చిన భద్రతా నిబంధనలు తప్పనిసరి. వైరింగు పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 732 చెబుతుంది. ప్రభుత్వ పనులకు వాడే కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) స్పెసిఫికేషన్లు కొలతలు కూడా ఇస్తాయి. ఇనుప పైపుకు మీటరు లోపు దాన్ని గోడకు పట్టి ఉంచే శాడిల్ ఒకటి, బెండుకూ కప్లింగుకూ అటూ ఇటూ 30 సెంటీమీటర్ల దగ్గర మరొకటి ఉండాలి. వంపు వ్యాసార్ధం 7.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు నాలుగు పావు చుట్టు వంపులు దాటకూడదు. ఈ అంకెల్లో ఏదీ పైపు నిటారుగా ఉందా లేదా అని అడగదు. కాబట్టి దూలం తప్పించడానికి కాస్త పక్కకు ఒరిగిన పైపును రూలు పేరు చెప్పి విప్పించడం అన్యాయం.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదకరం. అయిదారు పైపులు గీత గీసినట్టు సమంగా దిగుతాయి, రంగు మెరుస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. బాక్సు మూత తీస్తే ఒక సర్క్యూట్ ఫేజు ఒక పైపులో, న్యూట్రల్ పక్క పైపులో! రెండూ ఒకే ఇనుప పైపులో వెళ్తే వాటి అయస్కాంత ప్రభావాలు దాదాపు రద్దయిపోతాయి. విడదీస్తే ఆ ప్రభావం పైపు మీద పడి, లోడు పెరిగేకొద్దీ ఇనుము వేడెక్కుతుంది. బయటి నీటుదనం అక్కడ ఎవరినీ కాపాడదు.

మరి పనితనం ఎక్కడుంది? నా దృష్టిలో అది ఎక్కువగా కంటికి కనపడని చోటే ఉంది. రంపంతో కోసిన పైపు అంచు లోపలివైపు పదునుగా లేస్తుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి, వేలు పెట్టి తడిమి చూసి, బాక్సులో చేరే చోట బుష్ వేసేవాడు మంచి పనివాడు. అరగదీయకపోతే వైరు లాగేటప్పుడు ఇన్సులేషన్ చీరుకుపోతుంది. కొన్ని చీలికలు అప్పటికప్పుడు ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్‌కు దొరకవు, ప్రెస్సు అదురుకు ఏళ్ల తరబడి రాసుకుని తర్వాత బయటపడతాయి. వంచేటప్పుడు పైపు అతుకును వంపుకు లోపలికో బయటికో రాకుండా పక్కకు ఉంచడం కూడా అలాంటిదే. సాగే చోట అతుకు పడితే విచ్చుకునే అవకాశం ఎక్కువ. వంపు నొక్కుకుపోకుండా గుండ్రంగానే ఉంటే రేపు వైరు మార్చాల్సి వచ్చినవాడు కష్టపడకుండా లాగుతాడు.

విశాఖలో ఈ సమస్యలకు సముద్రం తోడవుతుంది. పైపు చివర మర కోసిన చోట జింకు పూత పోతుంది, ఉప్పుగాలికి తుప్పు మొదట పట్టేది అక్కడే. బయటికి కనిపించే మరలను తుప్పు నివారణ పూత లేకుండా వదలకూడదని సీపీడబ్ల్యూడీ అంటుంది. కానీ మర కోసేటప్పుడు వేసిన నూనె తుడవకుండా రంగు పూస్తే? రూలు నెరవేరినట్టే కనిపిస్తుంది, ఆ రంగు మాత్రం ఎక్కువ కాలం నిలవదు. తేమగాలి చల్లబడి పైపు లోపల నీరు పడుతుంది కాబట్టి, అది బయటికి పోయే దారి పురుగులు దూరకుండా ఎక్కడ పెట్టాలో కూడా షెడ్డు చూసి నిర్ణయించుకోవాలి.

పని నైపుణ్యంగా ఉండాలని అమెరికా విద్యుత్ కోడ్ 110.12 సెక్షన్‌లో రాసుకుంది. బ్రిటన్ వైరింగు ప్రమాణం బీఎస్ 7671 కూడా మంచి పనితనం కావాలంటుంది. రెండూ నైపుణ్యానికి సెంటీమీటర్ల లెక్క ఇవ్వలేదు. అందుకే ఆ లెక్క యజమాని, వైర్‌మ్యాన్ ముందే మాట్లాడుకోవాలి. పైపులు తూకంగుండుకు దిగాలంటే, పక్కపక్క పైపుల శాడిళ్లు ఒకే వరసలో ఉండాలంటే అది ఒప్పందంలో రాయాలి, దానికి కూలి కూడా కట్టాలి. మన దగ్గర వైరింగు బేరం చాలావరకు పాయింటుకింత అని కుదురుతుంది. ఆకురాయి పట్టిన సమయానికి ఆ లెక్కలో పైసా ఉండదు. రేటు తగ్గించేకొద్దీ మొదట మాయమయ్యేది ఆ పనే. తక్కువ రేటుకు ఒప్పించి, తర్వాత పనితనం లేదని వైర్‌మ్యాన్‌ని తిట్టే హక్కు యజమానికి లేదని నేను గట్టిగా అంటాను.

పనిని చూసే వేళ కూడా ముఖ్యం. బిల్లు రోజున కాకుండా వైరు లాగకముందు, బాక్సు మూతలు తెరిచి ఉన్నప్పుడే వెళ్లాలి. పైపు అంచులు తడమాలి, మరలు చూడాలి, శాడిళ్ల దూరం టేపుతో కొలవాలి. వైరు పడ్డాక మళ్లీ ఒకసారి మూతలు తెరిపించి ఏ పైపులో ఏ సర్క్యూట్ వెళ్లిందో అడగాలి, మెగ్గర్ రీడింగు, ఎర్త్ కంటిన్యూటీ కాగితం మీద రాయించుకోవాలి. అప్పుడు తప్పు దొరికితే ఏ నిబంధన తప్పిందో చెప్పి సరిచేయించవచ్చు. నిబంధన తప్పకపోయినా నచ్చనిది ఉంటే, దాన్ని మార్చడానికయ్యే ఖర్చు ఎవరిదో ఒప్పందం చూసి తేల్చుకోవచ్చు.