ద్యూఫూర్ పటము: కంటికి కొండ, కొలతకు చిక్కని వాలు

స్విట్జర్లాండులోని గోథార్డ్ పర్వత ప్రాంతము ఐరోపాకు ఒక పెద్ద జలవిభాజకము. అక్కడ పుట్టు రైన్ నది ఉత్తర సముద్రమును, రోన్ నది మధ్యధరా సముద్రమును చేరును. టిచీనో నది పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రమునకు పోవును. ఇంత చిక్కైన నేలను కాగితముపైకి ఎక్కించినది సేనాని గియోమ్ ఆన్రీ ద్యూఫూర్ పర్యవేక్షణలో తయారైన పటము. రాగిరేకులపై చెక్కి, 1845–1865 సంవత్సరముల మధ్య 25 పత్రములుగా వెలువరించిన ఈ పటములో 1 సెంటీమీటరు నేలపై 1 కిలోమీటరునకు సమానము.

చూచిన వెంటనే కొండలు కాగితమునుండి పైకి లేచినట్లు తోచును. వాలు వెంబడి గీచిన సన్నని గీతలును, వాయవ్యమునుండి పడునట్లు ఊహించిన వెలుగును ఇందుకు కారణములు. ఏ గట్టునుండి ఏ లోయకు నీరు జారునో విద్యార్థి వేలితో చూపగలడు. ఇది సామాన్యమైన గుణము కాదు.

అయితే ఈ అందమునకు చెల్లించిన వెల ఏమి? 1799లో సాక్సనీ సైనికాధికారి లేమన్ ప్రతిపాదించిన పద్ధతిలో వాలు ఎక్కువైన కొలది గీత లావగును. అనగా గీతయే కొలత. ద్యూఫూర్ పటములో వెలుగు ఒక ప్రక్కనుండి పడుటచే, సమానమైన వాలుగల రెండు పార్శ్వములలో వాయవ్యపు వైపు తెల్లగాను, ఆగ్నేయపు వైపు నల్లగాను కనబడును. నల్లని వైపే ఎక్కువ నిటారని భ్రమపడుట సులభము. పైగా ఆల్ప్స్‌లో మధ్యాహ్న సూర్యుడు దక్షిణముననే ఉండును గనుక, ఎండ కాయు పార్శ్వమే పటములో నీడగా మారినది!

సర్వేయర్ల మూలపత్రములలో సమోన్నత రేఖలు లేకపోలేదు. అచ్చులో అవి గీతలకు చోటిచ్చి తప్పుకొన్నవి. 1870 నుండి వెలువడిన సీగ్‌ఫ్రీడ్ పటములు వాటిని తిరిగి పాఠకునికి అందించినవి. ఆల్ప్స్ పత్రములలో 30 మీటర్ల ఎత్తునకొక రేఖ చొప్పున ఉండుటచే, నదీగర్భపు వాలును లెక్కకట్టుట సాధ్యమైనది.

అంతమాత్రమున పాత పటము పనికిరానిది కాదు. 19వ శతాబ్ది నడుమ రోన్ హిమానీనదము లోయ అడుగువరకు దిగియుండెను. నేడది కిలోమీటరునకు పైగా వెనుకకు తగ్గినది. ఆనాటి మంచు అంచులను నేటి పటముతో సరిపోల్చుటకు ఇట్టి పటములే సాక్ష్యములు. అయితే సాక్ష్యము చెప్పునది సర్వే జరిగిన ఏడే గాని, అచ్చయిన ఏడు కాదని మరువరాదు.

భారత సర్వే శాఖవారి పటమును తరగతిలో పరచిన ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగవచ్చును: నీరు ఎటు పోవును? ఎంత వాలున పోవును? మొదటిదానికి ద్యూఫూర్ పటము అందముగా బదులు చెప్పును. రెండవదానికి సమోన్నత రేఖయే బదులు చెప్పవలెను. ఈ తేడా తెలిసినవానికే పటము చదువ వచ్చినట్లు.